వాటం ఎటు?

ఇంట్లో నేల సరిగ్గా లేదని చెప్పే హక్కు ఎవరిది? డబ్బు కట్టినవాళ్ళదా, ఆ నేలని రోజూ తుడిచేవాళ్ళదా? ఇదేం ప్రశ్న, ఇద్దరూ ఒకే ఇంట్లో వాళ్ళు కదా అనిపిస్తుంది. టైల్స్ కొన్న షాపుకి ఒకసారి ఫిర్యాదు పట్టుకుని వెళ్ళి చూడండి. ఆ ఇద్దరూ ఒకటి కాదని పది నిమిషాల్లో తెలిసిపోతుంది. బిల్లు మీద ఒకరి పేరుంటుంది. నేల సంగతి తెలిసింది మరొకరికి. దాన్ని పరిచిన చేతులు ఇంకొకరివి. నష్టం జరిగినప్పుడు ఈ ముగ్గురిలో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి నెత్తిన నింద పడుతుంది అనేది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

తల దాచుకోవడానికి చోటు లేనివాళ్ళు ఇంతమంది ఉండగా మధ్యతరగతి ఫ్లాట్లలో టైల్స్ గొడవ ఒక గొడవేనా అని ఈ వ్యాసం రాస్తున్నానంటే ఒక స్నేహితురాలు అడిగింది. అడగవలసిన మాటే. కానీ వంటింట్లో పొగ, మంచినీళ్ళ కోసం నడిచే దూరం, మరుగుదొడ్డి లేకపోవడం... ఇవన్నీ కూడా ఒకప్పుడు చర్చకు తగని ‘ఇంటి విషయాలే’. ఒక విషయాన్ని ఎవరు చిన్నది అంటున్నారో, దాని వెనక ఎవరి చాకిరీ ఉందో చూడమని మనకు నేర్పింది స్త్రీల ఉద్యమమే. పైగా టైల్స్ కథ ఫ్లాటు గుమ్మం దగ్గర ఆగదు. పని అడ్డా మీద నిలబడ్డ కూలీ దాకా, ఇంటిపని చేసే స్త్రీ దాకా వెళుతుంది.

మన ఇళ్ళలో నేల చరిత్ర ఆడవాళ్ళ చేతుల చరిత్ర కూడా. మట్టి నేల ఉన్నన్నాళ్ళూ దాన్ని మెత్తిందీ, పగుళ్ళు పూడ్చిందీ, అలికిందీ వాళ్ళే. ఎర్రమన్ను ఎంత, పేడ ఎంత, ఎక్కడ కాస్త ఎత్తు చెయ్యాలి, నీళ్ళు ఏ మూల నుంచి బయటికి పోవాలి అన్నది వాళ్ళకి తెలిసిన విద్య. నేల పాడైతే ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యనక్కర్లేదు, మర్నాడు మళ్ళీ అలకడమే. అలాగని ఆ రోజులు తలుచుకుని మురిసిపోనక్కర్లేదు. వంగి వంగి నడుములు పడిపోయిన చాకిరీ అది. పశువుల కొట్టాల్లో పేడ ఎత్తే పని ఏ కులాల ఆడవాళ్ళ మీద పడిందో కూడా మనకు తెలుసు.

తర్వాత గచ్చు వచ్చింది. తాండూరు బండలు, షాబాదు బండలు, కడప నల్ల బండలు, బేతంచెర్ల బండలు వచ్చాయి. మొజాయిక్, చలువరాయి, గ్రానైటు వచ్చాయి. ఇప్పుడు దేశంలో తయారయ్యే టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తున్నాయి. ఈ మార్పులన్నిటి మధ్యా ఒక్కటి గమనించాలి. నేలని తయారుచేసే పని ఆడవాళ్ళ చేతుల్లోంచి బజారుకి వెళ్ళిపోయింది. తుడిచే పని మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. దేశవ్యాప్తంగా జరిపిన 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దాని మీద రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మట్టి నేల నాడు చాకిరీ, దాని గురించిన జ్ఞానం రెండూ ఒకే మనిషి దగ్గర ఉండేవి. టైల్స్ నేల వచ్చాక చాకిరీ ఆమెకు మిగిలింది, జ్ఞానం ‘తెలిసినవాళ్ళ’దైంది.

ఈ విడదీత షోరూంలోనే మొదలవుతుంది. అక్కడ రేటు మాట్లాడేది సార్‌తో, రంగు మాట్లాడేది మేడమ్‌తో. పలకలని నిలబెట్టి, పైనుంచి దీపాలు వేసి, అద్దంలా మెరిసేలా చూపిస్తారు. మనకు చూపించేది ఎప్పుడూ పొడి నేలే. మన ఇళ్ళలో నేల పొడిగా ఉండే వేళలు ఎన్ని? బాల్కనీ కడుగుతాం, అంట్లు తోమే చోటు కడుగుతాం, బాత్రూంలో బకెట్ల కొద్దీ నీళ్ళు గుమ్మరిస్తాం, హాలు తడిగుడ్డతో తుడుస్తాం. ‘‘ఈ పలక మీద సబ్బునీళ్ళు పడితే కాలు నిలుస్తుందా?’’ అని ఎవరూ అడగరు. నున్నటి పలకకి, గరుకు పలకకి జారుడులో తేడా కొలిచే పద్ధతులున్నాయి. జర్మనీ పద్ధతిలో ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా అంకెలు ఇస్తారు, అంకె పెరిగినకొద్దీ పట్టు ఎక్కువ. ఆ అంకె గురించి షోరూంలో మనం అడిగితే తప్ప వాళ్ళంతట వాళ్ళు చెప్పగా నేను వినలేదు. ముట్లు ఆగిన తర్వాత ఆడవాళ్ళ ఎముకలు త్వరగా పలచబడతాయి. ఆ వయసులో బాత్రూంలో ఒక్కసారి జారితే తుంటి ఎముక విరుగుతుంది. కనుక నేల పట్టు అనేది అందానికి చివర చేర్చుకునే సౌకర్యం కాదు.

‘‘నీళ్ళు పీల్చదు మేడమ్, మరక పడదు’’ అన్నది విట్రిఫైడ్ టైలుకి అమ్మేవాళ్ళు చెప్పే పెద్ద సుగుణం. నిజమే, అది తన బరువులో అరశాతం కూడా నీరు పీల్చదు. ఆ సుగుణంలోనే ఒక చిక్కు ఉంది. నీళ్ళు పీల్చని పలకని ఉత్త సిమెంటు పాలు గట్టిగా పట్టుకోలేవు. అందుకే దానికి ప్రత్యేకంగా అంటించే పొడి, అంటే అడ్హెసివ్, వాడాలి. దాన్ని కింద అంతటా దువ్వెన గీతల్లా పరిచి పలక వెయ్యాలి. నాలుగు ముద్దలు పెట్టి పైన పలక నొక్కేస్తే మధ్యలో ఖాళీ మిగులుతుంది. పలకకీ పలకకీ మధ్య సందు వదలకపోతే, ఎండకి వ్యాకోచించి ఒకదాన్నొకటి నెట్టుకుని గుడారంలా పైకి లేస్తాయి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పలకలకీ (ఐఎస్ 15622), అంటించే పొడికీ (ఐఎస్ 15477) భారతీయ ప్రమాణాలు కూడా ఉన్నాయి. లేనిదల్లా ఈ సంగతులు తుడిచేవాళ్ళకి చెప్పాలన్న ఆలోచన.

హైదరాబాదులో మా ఇంటి విషయమే చెప్తాను. హాలుకి, బాత్రూముకి టైల్స్ ఒక షాపులో కొన్నాం. వెయ్యడానికి మనుషుల్ని కూడా వాళ్ళే తమ కాంట్రాక్టరు ద్వారా పంపించారు. ఎనిమిది నెలలకి మా ఇంట్లో పనిచేసే ఆమె, తుడిచే కర్ర నేలకి తగిలినప్పుడల్లా శబ్దం తేడాగా వస్తోందని కనిపెట్టింది. ‘‘అమ్మా, ఈడ కింద ఏం లేదు, బోలుగ మోగుతాంది’’ అంది. బాత్రూంలో నీళ్ళు జాలీ వైపు పోకుండా గుమ్మం దగ్గర మూలకి చేరుతున్నాయని, రోజూ వాటిని ఎదురు నెట్టుకోవలసి వస్తోందని చెప్పింది కూడా ఆమే. అడుగుకి పావు అంగుళం చొప్పున జాలీ వైపు వాటం ఉంటే నీళ్ళు వాటంతటవే పోతాయి. మా బాత్రూంలో వాటం ఎదురు తిరిగింది.

షాపుకి వెళ్ళి ఈ మాటలే చెప్పాను. ‘‘టైలు మాది, పని మాది కాదు. కాంట్రాక్టరుని అడగండి’’ అన్నారు. కాంట్రాక్టరు ‘‘టైలే వంకర, మేమేం చేస్తాం’’ అన్నాడు. కంపెనీ తరఫున ఫోనెత్తిన అబ్బాయి ‘‘వేసేసిన తర్వాత మా బాధ్యత ఉండదండీ, డబ్బా మీద రాసే ఉంటుంది’’ అన్నాడు. ముగ్గురూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకుని, చివరికి ముగ్గురూ కలిసి మా వైపు తిరిగారు. ‘‘ఏం వేసి కడుగుతున్నారు మేడమ్? యాసిడ్ గానీ పోస్తున్నారా?’’ ‘‘మీ పనిమనిషి కర్రతో గట్టిగా కొడుతోందేమో!’’ ఆడలేక మద్దెల ఓడు అన్నారని విన్నాం. ఇక్కడ నేల వెయ్యడం చేతకానివాళ్ళు తుడిచేవాళ్ళ చేతుల్ని తప్పుపట్టారు. కింద ఖాళీ వదిలి వేసిన పలకకి, పైన తడిగుడ్డ పెట్టే మనిషి జవాబుదారీ!

నాలుగోసారి వెళ్ళినప్పుడు మేనేజరు ‘‘సార్‌ని ఒకసారి మాట్లాడమనండి మేడమ్’’ అన్నాడు. మా ఆయన ఫోన్ చేసి, పక్కన నేను చెప్తుంటే విని అవే మాటలు అప్పగించాడు. మర్నాడు ఒక ఇంజనీరు చిన్న చెక్క సుత్తి పట్టుకుని వచ్చాడు. ఒక్కో పలకా కొట్టుకుంటూ వెళ్ళి, నలభై పలకల్లో పదకొండిటి కింద ఖాళీ ఉందని తేల్చాడు. ‘‘ఇక్కడ బోలుగా ఉంది సార్’’ అని మా ఆయనకి చెప్పాడు. మా ఇంట్లో పనిచేసే ఆమె చెప్పిన మాటే అది. ఆమె చెప్పినప్పుడు ‘పనివాళ్ళ మాట’. నేను చెప్పినప్పుడు ‘మేడమ్ అనుమానం’. ఇంజనీరు చెప్తే ‘రిపోర్టు’.

మిరాండా ఫ్రిక్కర్ అనే తత్వవేత్త 2007లో వచ్చిన తన పుస్తకంలో దీనికొక పేరు పెట్టింది. మనిషికి అన్యాయం ఆస్తి విషయంలో, శరీరం విషయంలోనే కాదు, తెలుసుకోగలిగే మనిషిగా కూడా జరుగుతుందని ఆమె వాదన. చెప్పే మాటలో లోపం లేకపోయినా, చెప్పే మనిషి ఎవరన్నదాన్ని బట్టి వినేవాళ్ళు ఆ మాట విలువ తగ్గించేస్తే, అది కేవలం మర్యాద లోపం కాదు, అన్యాయం. ఇది చదివినప్పుడు మన ఇళ్ళలో ఆడవాళ్ళకి కొత్తేమీ అనిపించదు. ఆస్పత్రిలో నొప్పి గురించి చెప్పినా, పోలీసు స్టేషన్లో దెబ్బ గురించి చెప్పినా, మన మాటకి ఒక మగ సాక్షిని తోడు అడగడం అలవాటైన విషయమే. నేల విషయంలో మాత్రం ఇది మరీ విచిత్రం. ఆ ఇంట్లో నేలని చేత్తో, కాలితో, చెవితో ఎరిగినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. మాట చెల్లనిది ఆ ఇద్దరిదే.

చట్టం ఏమంటుందో చూద్దాం. బిల్లు భర్త పేరు మీద ఉంటే భార్య ఫిర్యాదు చెయ్యడానికి వీల్లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై నుంచి అమలవుతోంది. రెండిటిలోనూ వినియోగదారు అంటే డబ్బిచ్చి కొన్న మనిషి ఒక్కరే కాదు. కొన్న మనిషి ఆమోదంతో ఆ వస్తువుని వాడేవాళ్ళు, ఆ సేవ వల్ల ప్రయోజనం పొందేవాళ్ళు కూడా వినియోగదారులే. కొనడం వేరు, వాడడం వేరు అని, వాడేవాళ్ళకీ గొంతు ఉండాలని ఈ దేశపు చట్టం దాదాపు నలభై ఏళ్ళ కిందటే ఒప్పుకుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మన కేసు మనమే వాదించుకోవచ్చు, వకీలు ఉండి తీరాలని లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి రుసుం లేదు. నష్టం జరిగిన రెండేళ్ళలోపు వెయ్యాలి. ఫోన్లో సలహాకి 1915 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది.

ఇదంతా మంచిదే. కానీ ‘ఆమోదంతో’ అన్న ఒక్క మాట దగ్గర నాకు మనసు ఆగుతుంది. రోజూ నేలని తుడిచే మనిషి ఆ నేలకి వినియోగదారు కావడానికి కొన్నవాళ్ళ ఆమోదం కావాలి. చట్టం రాసినవాళ్ళ దృష్టిలో కుటుంబ సభ్యులకి కూడా రక్షణ అందించడమే దాని ఉద్దేశం కావచ్చు. అయినా అందులో మన కుటుంబాల రూపం అచ్చుగుద్దినట్టు కనబడుతుంది. హక్కు యజమాని దగ్గర మొదలై మిగతావాళ్ళకి పంచబడుతుంది.

ఇక్కడితో ఆపేస్తే ఇది ఒక కస్టమరు గెలుపు కథ అయ్యేది. ఇంజనీరు వెళ్ళిన వారానికి టైల్స్ వేసిన మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. ఉత్తరాది నుంచి వలస వచ్చిన మనిషి, వచ్చీరాని తెలుగులో మాట్లాడాడు. అతనికి చదరపు అడుగుకి ఇంత అని కూలీ. రోజుకి ఎన్ని అడుగులు వేస్తే అంత డబ్బు. అంటించే పొడి బస్తాలు నా బిల్లులో లెక్కకి ఉన్నాయి, డబ్బు కట్టాం. అతని చేతికి మాత్రం అవి రాలేదు. ఉన్న సిమెంటుతో కానిచ్చెయ్యమని కాంట్రాక్టరు చెప్పాడట. ఇప్పుడు ‘కస్టమరు కంప్లైంటు ఇచ్చింది’ అని అతనికి రావలసిన కూలీలో సగం ఆపేశాడు. నేను షాపు మీద చేసిన ఫిర్యాదు షాపు నుంచి కాంట్రాక్టరుకి, కాంట్రాక్టరు నుంచి మేస్త్రికి దిగి, అక్కడ అతని ఇంట్లో పిల్లల తిండి మీద ఆగింది. అత్తమీద కోపం దుత్తమీద అన్నట్టు! మా బాత్రూంలో నీళ్ళకి వాటం లేకపోయింది గానీ, నింద జారడానికి మాత్రం ఏ మేస్త్రీ చెయ్యక్కర్లేని వాటం సిద్ధంగా ఉంది.

మరి మేస్త్రి తప్పేమీ లేదా? ఉంది. ఆ మాట అతనే అన్నాడు. ‘‘గమ్ము ఇవ్వలేదు, అది నా చేతిలో లేదు. బాత్రూం వాటం నాది. ఒక రోజు ఇవ్వండి, పగలగొట్టి సరిచేస్తాను’’ అన్నాడు. ఆ గొలుసు మొత్తంలో ‘ఇది నాది’ అన్న మనిషి అతనొక్కడే. పేదవాడు కదా అని అతని పనికి అతన్ని బాధ్యుణ్ణి చెయ్యకపోతే, అది జాలి పేరుతో అతని విద్యని తక్కువ చెయ్యడమే. పనిలో తప్పుకి జవాబు చెప్పడం వేరు. మొత్తం నష్టాన్ని మొయ్యడం వేరు. మొదటిది అతను చెయ్యడానికి సిద్ధపడ్డాడు. రెండోది అతని నెత్తిన పెట్టారు. లాభం తీసుకున్నవాళ్ళు నష్టాన్ని కూలీగా మార్చి కిందికి దించేశారు.

అతనికి తోడుగా టైల్స్ వేసిన రోజుల్లో ఒక స్త్రీ పనిచేసింది. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఆమె. సిమెంటు కలిపి, తట్ట నెత్తిన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కి తెచ్చేది. పలకలు వేశాక సందుల్లో తెల్ల సిమెంటు నింపి, మీద మరకలు ఆరకముందే తడిగుడ్డతో తుడిచేది. చూడండి, ఆ నేలని మొట్టమొదట తుడిచింది కూడా ఒక ఆడమనిషే! వెయ్యడం మగపని, తుడవడం ఆడపని అనే విభజన గృహప్రవేశం దాకా కూడా ఆగలేదు. ఆమె కూలీ మగ కూలీ కంటే తక్కువ. ఏళ్ళ తరబడి ఇదే పనిలో ఉన్నా ఆమె చేతికి తాపీ రాలేదు. సమాన పనికి సమాన వేతనం అని చట్టం 1976లోనే వచ్చింది కదా అంటే, ‘‘ఆమెది సమానమైన పని కాదు’’ అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తాపీ పట్టనివ్వకుండా, తాపీ పట్టలేదు కనక తక్కువ అనడం!

పలకలు పొడిగా కోసినప్పుడు లేచే తెల్లటి దుమ్ము కూడా ఆ ఇద్దరి ఊపిరితిత్తుల్లోకే వెళ్ళింది. అందులో ఉండే స్ఫటిక సిలికా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లోనే తేల్చింది. ఆ దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్‌కి నయం కావడమంటూ లేదు. వంటింటి గట్లకి వాడే కృత్రిమ రాతి పలకల్ని కోసే కార్మికులు ఈ జబ్బు పాలవుతున్నారని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాతినే నిషేధించింది. అక్కడ ఎవరి వంటగట్టూ పగల్లేదు, కొన్నవాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదు. కోసేవాళ్ళ ఊపిరి లెక్కలోకి వచ్చింది, అంతే. మన దగ్గర నీళ్ళు పోస్తూ కొయ్యమని చెప్పడానికి కూడా ఎవరికీ తీరిక ఉండదు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడుతుంటుంది.

చివరికి షాపుకీ, కాంట్రాక్టరుకీ నోటీసు రాశాను. మేస్త్రిని ప్రతివాదిగా చేర్చలేదు. కమిషన్ దాకా పోకుండానే షాపువాళ్ళు రాజీకి వచ్చారు. రాజీ కాగితంలో, ఆపిన కూలీ మేస్త్రికి పూర్తిగా ఇవ్వాలని, మళ్ళీ చేసే పనికి విడిగా రోజుకూలీ కట్టాలని ఒక షరతు రాయమన్నాను. మేనేజరుకి నిజంగానే ఆశ్చర్యం వేసింది. ‘‘మీ టైల్స్ మీకు మారుస్తున్నాం కదా, అది మీకెందుకు మేడమ్?’’ అన్నాడు.

నాకెందుకు? వెక్కిరింపు కాదది, అసలైన నైతిక ప్రశ్న. కస్టమరుకి తన వస్తువు దక్కాక మిగతా లోకంతో పనేమిటి? ఐరిస్ మారియన్ యంగ్ అనే స్త్రీవాద తత్వవేత్త, ఆమె మరణం తర్వాత 2011లో వచ్చిన పుస్తకంలో, బాధ్యతని రెండు రకాలుగా చూడమంది. ఒకటి, తప్పు చేసింది ఎవరో వెతికి పట్టుకుని శిక్షించడం. రెండోది, ఒక అన్యాయం జరిగే ఏర్పాటులో మనం కూడా ఒక కొసన ఉన్నాం కనక, దాన్ని మార్చడంలో మన వంతు చెయ్యడం. రెండోదాన్లో మనల్ని ఎవరూ దోషులనడం లేదు. ఆ ఏర్పాటుతో మనకి ముడి ఉందంటున్నారు, అంతే. ఆమె బట్టల కర్మాగారాల కార్మికుల గురించి ఆలోచించింది. టైల్స్‌కి కూడా అది అక్షరాలా సరిపోతుంది. తక్కువ రేటు, త్వరగా అయిపోవాలన్న తొందర, బిల్లు తప్ప మరేదీ చూడని కొనుగోలు... మేస్త్రి మీద పడిన ఒత్తిడి మా ఇంటి లాంటి ఇళ్ళ నుంచే కదా పుడుతోంది. నా ఫిర్యాదు అతని కూలీని కోసిందంటే, అది నాకు సంబంధించిన విషయమే.

మన న్యాయస్థానాలకీ ఈ ఆలోచన పరాయిది కాదు. లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1993లో, ఇళ్ళు కట్టివ్వడం కూడా సేవేనని, అందులో లోపానికి, వేధింపుకి పరిహారం ఇవ్వవలసిందేనని చెప్పింది. అక్కడితో ఆగలేదు. ఆ పరిహారం ప్రజల సొమ్ములోంచి పోయి ఊరుకోకూడదని, బాధ్యులైన అధికారులెవరో తేల్చి వాళ్ళ దగ్గర వసూలు చెయ్యమంది. నష్టం భారం ఎవరి మీద వాలుతోందో కూడా న్యాయంలో భాగమేనని దీని అర్థం. కస్టమరుకి డబ్బు ముట్టితే న్యాయం జరిగిపోయినట్టు కాదు. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందో చూడాలి.

మా రాజీలో ఒక పద్దు మాత్రం నిలవలేదు. బాత్రూంలో గుమ్మం దగ్గర నిలిచిన సబ్బునీళ్ళలో మా ఇంట్లో పనిచేసే ఆమె ఒకరోజు జారింది. మణికట్టు బెణికి, పది రోజులు పనికి రాలేకపోయింది. మందుల ఖర్చు, ఆమె పనిచేసే మరో రెండిళ్ళలో కోసిన జీతం కలిపి నోటీసులో ఒక పద్దు రాశాను. షాపువాళ్ళు మొదట కొట్టేసింది ఆ పద్దునే. ‘‘ఆమె మా కస్టమరు కాదు కదా’’ అన్నారు. ఆ డబ్బు మేమే ఇచ్చాం. ఇచ్చినందుకు మంచివాళ్ళమని ఆమె నలుగురికీ చెప్పింది. నాకు అది వినడం కష్టంగా ఉంది. ఆమెకి అందినది దయగా అందింది. అందవలసినది హక్కుగా. లోపం కనిపెట్టింది ఆమె, దెబ్బ తిన్నది ఆమె, ఏ కాగితం మీదా పేరు లేనిది కూడా ఆమే.

నేల ఎవరిది అన్న ప్రశ్నకి జవాబు రిజిస్ట్రేషన్ కాగితాల్లో దొరుకుతుంది. నేల విషయంలో ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్న ప్రశ్నకి దొరకదు. నాకు తోచినంతలో, ఒక వస్తువులోని లోపం ఎవరి శరీరం మీద పడుతుందో వాళ్ళందరికీ ఆ వస్తువు గురించి మాట్లాడే హక్కు ఉంటుంది. డబ్బు కట్టడం ఆ హక్కుకి ఒక దారి మాత్రమే. తుడవడం ఒక దారి, మొయ్యడం ఒక దారి, దుమ్ము పీల్చడం ఒక దారి. వీళ్ళ ఫిర్యాదులన్నీ ఒకే దిక్కుగా, లాభం ఎక్కడ పోగుపడిందో అటే పోవాలి. నా ఫిర్యాదు నాకంటే బలహీనుల మీద ఆగుతోందంటే, అది ఎంత న్యాయమైన ఫిర్యాదైనా, అక్కడ నా పని ఇంకా మిగిలి ఉన్నట్టే.

ఇది పెద్ద పెద్ద మాటలతో అయ్యే పని కాదు. టైల్స్ కొనడానికి వెళ్ళినప్పుడు ఒక చెంబుడు సబ్బునీళ్ళు అడిగి, పలక మీద పోసి, చెప్పులు విప్పి నిలబడి చూడొచ్చు. తుడిచేది ఎవరైతే వాళ్ళని వెంట తీసుకెళ్ళి, ఆ పూటకి వాళ్ళ కూలీ వాళ్ళకివ్వొచ్చు. బిల్లు మీద ఇంటి ఆడవాళ్ళ పేరు రాయించొచ్చు. అంటించే పొడి ఎన్ని బస్తాలు, సందు ఎంత, వాటం ఎటు అన్నది డబ్బు కట్టకముందే కాగితం మీద పెట్టించి, బస్తాలు ఇంటికి వచ్చినప్పుడు లెక్కపెట్టుకోవచ్చు. బాత్రూముకి అడుగుల లెక్కన కాకుండా రోజుకూలీ లెక్కన పని ఇవ్వమని అడగొచ్చు. పలకలు నీళ్ళు పోసి కొయ్యమని పట్టుబట్టొచ్చు. తట్ట మోసే ఆమెకి ఎంత ఇస్తున్నావని కాంట్రాక్టరుని అడగొచ్చు.

‘‘మీకెందుకు మేడమ్?’’ అంటారు. అననివ్వండి. అడుగుతున్నది ఒకరు కాక నలుగురైతే, ఆ తర్వాత జవాబు చెప్పవలసింది వాళ్ళే.